ఎనిమిది చుక్కల నీళ్లు

రావులపాలెం సెంటర్లో బస్సు కోసం నిలబడితే మామూలుగా వచ్చేది అరటి గెలల వాసన. లారీల దగ్గర దింపిన పచ్చి గెలల జిగురు వాసన, కాళ్ల కింద నలిగిన ఆకుల వాసన, వాటన్నిటి మీద డీజిలు పొగ. మొన్న డిసెంబరు రెండో వారంలో, మా ఊరి సమాధుల తోటలో సున్నం వేయించడానికి వెళ్తూ, చేతిసంచిలో రెండు కుంచెలూ ఒక సున్నం పొట్లం పెట్టుకుని అక్కడ నిలబడి ఉండగా, ఆ వాసనలన్నిటినీ పక్కకు నెట్టుకుంటూ ఇంకొక వాసన వచ్చి నన్ను తాకింది. పొగచూరినట్టు, కాస్త చేదు కలిసినట్టు, గొంతులోకి జారేటట్టు ఉండే వాసన. తాటి బెల్లం పాకం వాసన.

వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు వారన కొత్తగా వేసిన రేకుల కొట్టు. ఒకావిడ పెద్ద మూకుడు ముందు నిలబడి అరిసెలు వేయిస్తోంది. కొట్టు మీద బోర్డు ఉంది. తాటి బెల్లం అరిసెలు, షుగరు ఉన్నవారు కూడా నిర్భయంగా తినవచ్చు, అని.

ఆ ‘నిర్భయంగా’ అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. నా సంచిలో సున్నం పొట్లం పక్కనే ఇన్సులిన్ పెన్ను ఉంది. ఎనిమిదో ఏట నుంచి ఈరోజు దాకా ఒక్క రోజు తప్పకుండా సూది పొడుచుకుంటూ బతుకుతున్న మనిషిని నేను. నేను సున్నం వేయించబోయే సమాధులు రెండు. ఒకటి మా మామ్మది, రెండోది మా మాస్టారిది. ఆ రెండు సమాధులకీ, ఆ బోర్డు మీది మాటకీ ఉన్న సంబంధం ఇప్పుడు మా ఊరివాళ్లలో నాకొక్కదానికే తెలుసు.

మాది కాలువ గట్టున ఉన్న ఊరు. ఊరికి పడమట మా పేట, పేట మధ్యలో పెంకుల కప్పు చర్చి, చర్చి వెనక కొబ్బరి చెట్ల నీడలో సమాధుల తోట. నాన్న కాకినాడలో గుమాస్తా, శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవారు. అమ్మ కాలువ అవతలి ఊళ్లో టీచరు, ఏడు గంటల బస్సుకి వెళ్తే దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేది. నన్ను పెంచింది నాన్నను కన్న తల్లి, మా మామ్మ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల చీరలో, మాట తక్కువ మనిషి. ఆవిడ చూపు ఎంత పదునంటే అరుగు మీద కూర్చుని, చేటలో బియ్యం చెరుగుతున్న పక్కింటావిడకి ‘ఇదుగో, ఆ మూల రాయుంది చూడు’ అని చెప్పగలిగేది. ఈ సంగతి ఇక్కడే చెప్పి ఉంచుతున్నాను, తర్వాత కావాలి.

ఎనిమిదేళ్లప్పుడు నాకు దాహం మొదలైంది. బిందెల కొద్దీ నీళ్లు తాగేదాన్ని, ఎంత తిన్నా చిక్కిపోయాను, ఒకరోజు బడిలో ఎక్కం చెబుతూ చెబుతూ పడిపోయాను. రాజమండ్రి ఆసుపత్రిలో పదిహేను రోజులుండి బతికి వచ్చాను. అందుకు దేవునికి ఇప్పటికీ రోజూ వందనాలు చెప్పుకుంటాను, ఎందుకంటే ఆ వార్డులోనే నా ఈడు పిల్ల, అదే జబ్బుతో ఉన్న పిల్ల, ఇంటికి రాలేదు. మళ్లీ బడికి వెళ్తే మళ్లీ పడిపోయాను. పిల్లకేమైనా అయితే మేం చెప్పుకోలేమండి, ఇంటి దగ్గరే ఉంచుకోండి, అని పెద్ద పంతులుగారు నాన్నతో మర్యాదగానే చెప్పారు. అలా నా చదువు ఇంటి అరుగు మీదికి వచ్చింది.

ఆ అరుగు మీద నాకు చదువు చెప్పింది మా పక్కింటి మాస్టారు. మిషను బడిలో ముప్పై ఏళ్లు చెప్పి విశ్రాంతి తీసుకున్న మనిషి. భార్య పోయారు, పిల్లలు లేరు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో గొడుగు పెట్టుకుని, పదడుగుల దూరంలో ఉన్న మా ఇంటికి ఉద్యోగానికి వచ్చినంత పద్ధతిగా వచ్చేవారు. ‘ఏం ఎస్తేరమ్మా, బడి తెరిచారా?’ అని అడిగేవారు. తెరిచామండి అంటేనే అరుగు ఎక్కేవారు. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ ఆయన పెట్టిన భిక్షే. ఈ వాక్యం రాయడం నేర్పింది కూడా ఆయనే.

మాస్టారికీ షుగరే. ఆయనది పెద్దవయసు షుగరు, బిళ్లలతో నడిచేది. నాది సూదితో నడిచేది. తడి ఇసుక పోసిన కుండలో మందు సీసా, గిన్నెలో మరుగుతున్న గాజు సిరంజి, ఆ పక్కనే అటకమీంచి దింపిన నీలం మందు సీసా. ఇప్పటి పిల్లలకి ఈ నీలం మందు తెలియదు. వేలు పొడిచి చూసే మిషన్లు అప్పుడు మా ఊరి దాకా రాలేదు. గాజు గొట్టంలో ఆ నీలం మందు కొంచెం పోసి, ఇంకు ఫిల్లరుతో ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, దీపం మీద కాచాలి. నీలం నీలంగా ఉంటే ఒంట్లో చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, ఇటుక రంగు వచ్చిందా, ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆ ఎనిమిది చుక్కలూ నేనే దడి చాటుకు వెళ్లి వేసి తెచ్చేదాన్ని. కాచేదీ, కిటికీ వెలుగులో పెట్టి చూసేదీ మామ్మ. ఆ రంగు మారుతున్నంతసేపూ ఆవిడ పెదవులు ప్రార్థనలో కదులుతుండేవి. నేను మాత్రం నేరం చేసి నిలబడ్డదానిలా గుంజ పట్టుకుని నిలబడేదాన్ని. చక్కెర ఒంట్లోకి రావడం జబ్బు లక్షణమని కాకుండా నా పాపమని ఎందుకు అనుకున్నానో తెలియదు, కానీ అలాగే అనుకున్నాను.

ఇక డిసెంబరు వచ్చిందంటే మా పేట వాసనే మారిపోయేది. కోతలైపోయి కళ్లాల్లో కొత్త ధాన్యం, గోడలకు కొట్టిన తడి సున్నం, వెదురు బద్దలతో కట్టిన నక్షత్రాలకు అంటించే మైదా జిగురు, తెల్లవారుజామున మంచులో కలిసిపోయే వరిగడ్డి పొగ, ఇవన్నీ ఒక ఎత్తయితే, రెండో వారం నుంచి ఇంటింటా మొదలయ్యే పిండివంటల వాసన ఒక్కటీ ఒక ఎత్తు. తడిబియ్యం దంచే రోకళ్ల చప్పుడు ఆ చివరి నుంచి ఈ చివరికి వినపడేది. అచ్చు ముంచి నూనెలో విదిలించే గులాబీ పువ్వులు, పంచదార పాకంలో దొర్లించిన గవ్వలు, కొబ్బరి కూరిన కజ్జికాయలు, అన్నిటికీ పెద్ద అరిసె. అరిసె పాకం అందరికీ కుదరదు. ముదిరితే రాయి, లేతదైతే నూనెలో విడిపోతుంది. అందుకని పేటలో ఏ ఇంట పొయ్యి వెలిగినా మా మామ్మకు కబురు వచ్చేది. ఆవిడ వెళ్లి, పళ్లెంలో నీళ్లు పోసి, కాగుతున్న బెల్లంలోంచి ఒక్క చుక్క గరిటెతో అందులో వేసి, వేళ్లతో ఉండ చేసి, పళ్లేనికేసి కొట్టి, ఆ చప్పుడు విని ‘దింపేయండి’ అనేది. అంతే. మిగతా మాట ఉండదు. ఆ నెలంతా ఆవిడ చేతులు నెయ్యి, నువ్వుల వాసనతో ఉండేవి. ఆ చేతులతోనే నాకు సూది వేసేది.

నా జబ్బు బయటపడ్డాక మా ఇంట్లో అరిసెలు వండటం మానేసింది మామ్మ. అందరిళ్లలో పాకం చూసి, ఇంటికి వచ్చేముందు నూతి దగ్గర సున్నిపిండితో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది. పొరుగువాళ్లు పళ్లేలు పంపితే గుడ్డ విప్పకుండానే వేరే ఇంటికి పంపేసి, ఖాళీ పళ్లెం వెనక్కి ఇవ్వకూడదు కాబట్టి మా పెరటి అరటిపళ్లో జంతికలో పెట్టి పంపేది. తెలిసి చేసినా, తెలియక చేసినా, ఆ జాగ్రత్త చూస్తుంటే నాకు దుఃఖం వచ్చేది. నాలాంటిది ఇంట్లో ఉన్నందుకు పండగే ఈ గుమ్మం ఎక్కడం మానేసినట్టు ఉండేది.

సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ బృందం బయల్దేరేది. పెట్రోమాక్సు లైటు, డోలక్కు, కర్రకు కట్టిన నక్షత్రం. పాట అయ్యాక ప్రతి ఇంటి అరుగు మీదా పళ్లెం, పళ్లెంలో తీపి, తీసుకోకపోతే ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. సంఘ పెద్దగా మాస్టారు ముందు నడవాలి. పాడగలదాన్ని కాబట్టి నేనూ వెళ్లేదాన్ని. పళ్లెం వచ్చినప్పుడల్లా ఆయనా నేనూ ఒక పక్కకు జరిగి నిలబడేవాళ్లం. చొక్కా జేబులోంచి వేయించిన వేరుశెనక్కాయలు తీసి నా దోసిట్లో నాలుగు, తన దోసిట్లో నాలుగు వేసేవారు.

‘మనం కాపలావాళ్లం అమ్మా’ అనేవారు. ‘సైన్యం తింటుంది. కాపలావాళ్లు తినకూడదు.’

ఏడేళ్లుగా ఆయన తీపి ముట్టలేదు. ఆ సంగతి ఆయన గొప్పగా చెప్పుకోలేదు, కానీ ఎవరైనా బలవంతపెడితే నన్ను చూపించి, చిన్నపిల్ల ఉండగలుగుతోంది, నేనుండలేనా, అనేవారు. ఆ మాటకు నా వీపు నిటారుగా అయ్యేది. చలిలో, పక్కవాళ్ల నోళ్లలో నలుగుతున్న అరిసెల చప్పుడు వింటూ, వేరుశెనక్కాయ పొట్టు ఊదుకుంటూ నిలబడ్డ ఆ సాయంత్రాలు కష్టంగానే ఉండేవి. అయినా నా చిన్నతనంలో నేను ఒంటరిదాన్ని కాను అనిపించిన సాయంత్రాలు అవే.

నాకు పదకొండేళ్లప్పుడు, డిసెంబరు మధ్యలో, పెద్దాపురం నుంచి దూరపు చుట్టం రాజ్యమ్మగారు మా ఇంటికి వచ్చారు. మాటల్లో, పంచదారా చెరుకు బెల్లమే చేటు కానీ తాటి బెల్లం షుగరు వాళ్లకి ఏమీ చేయదు, అది మందులాంటిది, అన్నారు. మామ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు ఎవరితోనో నల్లటి తాటి బెల్లం అచ్చులు రెండు తెప్పించింది. మూడేళ్ల తర్వాత మా పొయ్యి మీద పాకం కాగింది. మూడంటే మూడే అరిసెలు వత్తి, ఒకటి కాస్త ఆరనిచ్చి, అరిటాకు ముక్కలో పెట్టి నాకిచ్చింది.

‘ఒక్కటి తిను. సాయంత్రం రంగు చూద్దాం. నీలముంటే రోజూ ఒకటి పెడతాను. మారిందా, ఇంక ఈ మాట ఎత్తొద్దు’ అంది.

ఆ అరిసె సంగతి ఎలా చెప్పను. బయట అంచు కరకరలాడింది, లోపల మెత్తగా, వెచ్చగా, నువ్వులు పంటి కింద ఒక్కొక్కటే చిట్లాయి, పొగవాసనతో కలిసిన తీపి నాలిక వెనక్కి వెళ్లి అక్కడ ఆగింది. మూడేళ్ల నుంచి మూసి ఉన్న తలుపేదో తెరుచుకున్నట్టయింది. మామ్మ ఎదురుగా పీట మీద కూర్చుని నా నోటివైపే చూస్తోంది. తన చేతి తీపి నేను తినడం చూడటానికి ఆవిడ ఎంత ఆకలితో ఉందో అప్పుడు నాకు తెలిసింది.

సాయంత్రం గాజు గొట్టమూ ఫిల్లరూ తీసుకుని దడి చాటుకు వెళ్లాను. దాహం అప్పటికే మొదలైంది. గొట్టంలో ఏ రంగు వస్తుందో నాకు కాచకుండానే తెలుసు. పక్కన బక్కెట్లో నీళ్లున్నాయి. ఎవరూ చెప్పలేదు, ముందుగా అనుకోనూ లేదు. ఫిల్లరు ఆ నీళ్లలో ముంచి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఎనిమిది చుక్కలు వేశాను. లెక్క తప్పలేదు. అది ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మామ్మ కాచింది. కిటికీ దగ్గర పెట్టి చూసింది. తిప్పి చూసింది. నీలం. మళ్లీ కాచింది. నీలం. గొట్టాన్ని జాగ్రత్తగా గిన్నెలో పెట్టి, అక్కడే మోకాళ్ల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను తాతయ్య పోయినప్పుడు కూడా చూడలేదు. తర్వాత లేచి నా తల నిమిరి నవ్వింది. ఆ నవ్వు చూశాక నిజం చెప్పడం నా వల్ల కాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు ఇంకో అరిసె వచ్చింది.

అలా తొమ్మిది రోజులు. పగలు అరిసె, సాయంత్రం ఎనిమిది చుక్కల నీళ్లు. నాలిక ఎండిపోయేది, కాళ్లు గుంజేవి, ఎవరూ చూడకుండా చెంబుల కొద్దీ నీళ్లు తాగేదాన్ని. పండగ హడావుడిలో అమ్మ కూడా గమనించలేదు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాలు చెబుతారు. ఆ ఏడాది దేవుడు చేసిన మేలును ఎవరికి వారు లేచి అందరి ముందూ చెప్పాలి. చర్చిలో సాక్ష్యం అంటే మా వాళ్లకు కోర్టులో ప్రమాణం కంటే ఎక్కువ. ఎప్పుడూ నోరు విప్పని మా మామ్మ ఆ రోజు ఆడవాళ్ల చాపల మధ్య లేచి నిలబడింది.

‘ప్రభువుకు స్తోత్రం. మూడేళ్ల నుంచీ నా మనవరాలు పండక్కి నోరు కట్టుకుని కూచుంటందండి. ఈ ఏడు దేవుడు దారి చూపించాడు. తాటి బెల్లంతో వండి పెడతన్నానండి. రోజూ రంగు చూస్తన్నాను, నీలం నీలంలాగే ఉందండి. షుగరున్నోళ్లు ఎవరైనా తినొచ్చండి.’

చర్చి అంతా స్తోత్రం అంది. మగవాళ్ల చాపల మీంచి మాస్టారు తల తిప్పి నావైపు చూసి నవ్వారు.  అప్పటిదాకా అది మా ఇంట్లో మాట. ఇప్పుడు దేవుని ముందు పెట్టిన మాట. నేను నిజం చెబితే మామ్మ చర్చిలో అబద్ధ సాక్ష్యం చెప్పినట్టవుతుంది. అంతకంటే పెద్ద తప్పు ఈ లోకంలో ఉందని నాకు తెలియదు.

మర్నాడు పాఠం మధ్యలో మాస్టారు పుస్తకం మూసి, కళ్లద్దాలు తీసి, నిజమేనా ఎస్తేరమ్మా, నీలమే వస్తోందా, అని అడిగారు. పిల్లలకొచ్చే షుగరు మరీ చెడ్డది, నీకే ఏమీ కాకపోతే నాకేమవుతుంది, అని తనలో తనే లెక్క వేసుకున్నట్టు అన్నారు.

‘ఆయ్. నీలమే వచ్చిందండి’ అన్నాను.

అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. వచ్చింది నీలమే కదా.

క్రిస్మస్ రోజు ఆరాధన నుంచి కొత్త చెప్పుల్లో కుంటుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చుని, మామ్మ ఇచ్చిన అరిసెను రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని వందనాలు చెప్పి, ఏడేళ్ల తర్వాత మాస్టారు తీపి తిన్నారు. నిదానంగా, అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్క పొడి కూడా కింద పడకుండా. తిన్నాక జేబులోని వేరుశెనక్కాయలు తీసి కోళ్లకు వేసి, ఇక మన కాపలా అయిపోయిందమ్మా, అన్నారు.

పండగ మర్నాటి నుంచి నేను భయపడి మానేశాను. మొహం మొత్తింది మామ్మా, వద్దు, అన్నాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది కానీ బలవంతపెట్టలేదు. మాస్టారు మానలేదు. తాటి బెల్లం అచ్చులు తనే తెప్పించుకున్నారు. కాఫీలోకి అదే, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక ముక్క అదే. ఏడేళ్ల ఆకలి అది, నాకు తెలుసు కాబట్టే చెబుతున్నాను. ఆయన కుడికాలి బొటనవేలి పక్కన కొత్త చెప్పు కొరికిన చోట చిన్న పొక్కు లేచింది. జనవరిలో అది పుండయింది. ఫిబ్రవరిలో ఆయన కాలు పీట మీద పెట్టుకుని పాఠం చెప్పేవారు. కట్టు గుడ్డ, అయొడిన్ వాసన, వాటి కింద నుంచి వచ్చే ఇంకొక వాసన. డిక్టేషన్ చెబుతూ మధ్యమధ్య కళ్లు మూసుకునేవారు. ఆ ఆగిన ప్రతిసారీ ఇప్పుడు చెబుతాను, ఇప్పుడు చెబుతాను, అనుకునేదాన్ని. ఆయన కళ్లు తెరిచి తర్వాతి వాక్యం చెప్పేవారు. నేను రాసుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున్న ఆయన్ను కారులో కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి ఎక్కిస్తుంటే నన్ను పిలిచి, పది భిన్నాల లెక్కలు చేసి ఉంచు, వచ్చాక దిద్దుతాను, అన్నారు. ఆయన చెయ్యి కాలిపోతోంది. మోకాలి పైదాకా కాలు తీసేశారని నాలుగో రోజున తెలిసింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం రెండో వారంలో ఆయన్ను మా చర్చి వెనక తోటకు తెచ్చారు. లెక్కలు పదీ చేసి ఉంచాను. దిద్దినవాళ్లు లేరు.

సమాధి కార్యక్రమం నుంచి వచ్చాక మామ్మ వంటింట్లో అంట్లు తోముతోంది. వెనక నిలబడి అంతా చెప్పాను. బక్కెట్టు, ఫిల్లరు, ఎనిమిది చుక్కలు. బూడిదతో గిన్నె రుద్దుతున్న చెయ్యి ఆగలేదు. గిన్నె తళతళలాడే దాకా రుద్ది, కడిగి, బోర్లించాక అడిగింది.

‘ఎన్నాళ్లు?’

‘తొమ్మిది రోజులు.’

‘మాస్టారికి చెప్పావా?’

‘లేదు మామ్మా.’

ఇంకో గిన్నె అందుకుంది. ఆదివారం చర్చిలో నేనే లేచి చెబుతాను మామ్మా, అన్నాను. అప్పుడు మాత్రం నావైపు తిరిగి, తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

‘నువ్వు నోరెత్తొద్దు. ఈ ఊళ్లో ఇంకా బతకాల్సిందానివి’ అంది.

ఆ ఆదివారం మామ్మ మళ్లీ లేచి నిలబడింది. కొంగు నిండా కప్పుకుని, నేల చూపులతో.

‘పండగప్పుడు తాటి బెల్లం గురించి నేను చెప్పిన సాక్ష్యం తప్పండి. నా కళ్లు పోతన్నాయి, రంగు సరిగ్గా కనపళ్లేదు. షుగరున్నోళ్లు ఎవరూ తినొద్దండి. తప్పు నాది. సంఘం నన్ను క్షమించాలి.’

ఎవరూ స్తోత్రం అనలేదు. చేటలో రాయి చూపించే ఆ కళ్ల సంగతి తెలిసిన పక్కింటావిడ ఒక్కసారి మామ్మను చూసి, తర్వాత నన్ను చూసి, తల దించుకుంది. మామ్మ తెలిసి తెలిసి దేవుని సన్నిధిలో చెప్పిన అబద్ధం అదొక్కటే. నా కోసం చెప్పింది. నేను చాప మీద, ఆవిడ పాదాల పక్కన, చాప అంచు పీకుతూ కూర్చున్నాను. నోరెత్తొద్దంది కదా అని కూర్చున్నాను. ఆ నోరెత్తొద్దన్న మాట కోసమే లోలోపల అంతగా ఎదురుచూశానని అప్పటిదాకా నాకూ తెలియదు.

తర్వాతి డిసెంబరులో రోకళ్లు మళ్లీ మోగాయి. పాకం చూడ్డానికి రమ్మని మా ఇంటికి ఎవరూ కబురు పంపలేదు. కళ్లు కనపడని మనిషిని ఎవరు పిలుస్తారు. మామ్మ అరుగు మీద కూర్చుని, వీధి చివరి నుంచి వస్తున్న వాసన పీల్చి, ‘ముదిరిపోయింది’ అని తనలో తను అనుకునేది. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు, ఆ తర్వాత బతికిన పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. ఎవరింట పెళ్లయినా, పండగయినా, తీపి మాత్రం నోట పెట్టలేదు. అడిగితే పళ్లు నొప్పి అనేది. కేరల్స్‌లో నేను ఒక్కదాన్నే పక్కకు జరిగి నిలబడేదాన్ని. నా జేబులో వేరుశెనక్కాయలు ఉండేవి కావు.

ఇప్పుడు నన్ను చూసే డాక్టరమ్మగారికి ఒకసారి ఈ కథంతా చెప్పాను. ఆ కాలు ఎలాగైనా పోయేదేమో, మీరు మనసులో పెట్టుకోకండి, అన్నారు. మంచి మనిషి. ఆమె కోసం కూడా ప్రార్థన చేస్తాను. కానీ ‘ఏమో’ అన్న మాట మీద నిద్రపోవడం నాకు చేతకావడం లేదు. ఇన్నేళ్లు నన్ను బతికించినందుకు దేవునికి రోజూ వందనాలు చెబుతాను, చెప్పిన ప్రతిసారీ ఆ బతుకులో మాస్టారి వంతు ఎంతో లెక్క తేలదు.

ఆ పేటలో ఇప్పుడు రోకళ్లు లేవు. అరిసెలు అట్టపెట్టెల్లో కొట్లనుంచి వస్తున్నాయి. కేరల్స్ ట్రక్కాటోలో మైకు పెట్టుకుని పది నిమిషాల్లో వీధి దాటిపోతాయి, అరుగు మీద పళ్లెం పట్టుకునే వ్యవధి లేదు, అరుగులూ లేవు. గాజు గొట్టాలు, నీలం మందు సీసా, పళ్లేనికేసి కొట్టి పాకం చప్పుడు వినే చెవి, అన్నీ పోయాయి. తాటి బెల్లం ఏమీ చేయదన్న మాట ఒక్కటే పోలేదు. అది బోర్డు ఎక్కింది.

ఆ బోర్డు కింద, నేను చూస్తుండగానే, ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డారు. ఉతికిన చొక్కా, చేతిలో గొడుగు. నాకు షుగరుందమ్మా, తినొచ్చా, అని కొట్టావిడను అడిగారు.

‘బోర్డు చూళ్లేదా బాబాయిగారూ. తాటి బెల్లమండి, ఏమీ అవ్వదు’ అని ఆవిడ కాగితంలో ఒక అరిసె పెట్టి ఆయన చేతికిచ్చింది.

నా కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

‘తినకూడదండి’ అన్నాను.

కొట్టావిడ నన్ను ఎగాదిగా చూసింది. ‘మీరేంటండీ పొద్దున్నే బేరం చెడగొడతన్నారు? ఇంతమంది తింటన్నారు, ఎవరికైనా ఏమైనా అయ్యిందా?’

‘నేను తిన్నానండి’ అన్నాను. ‘చిన్నప్పుడు. తిని, ఏమీ కాలేదని అందరికీ చెప్పాను.’

ఇంకా ఏదో చెప్పాలి. చర్చిలో, చాప మీంచి లేచి చెప్పవలసిందంతా గొంతు దాకా వచ్చింది. కానీ మా ఊరి బస్సు వచ్చి ఆగింది, వెనకవాళ్లు తోసుకుంటున్నారు. ఎక్కి, కిటికీ పక్క సీటు దొరికితే సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని బయటికి చూశాను. ఆ పెద్దాయన అరిసె ఉన్న కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, తినకుండా, తిరిగి ఇచ్చేయకుండా, బస్సు కదిలేదాకా అలాగే నిలబడి ఉన్నారు.